గబ్బిలపు కూత కంప్యూటరును చేరు విధము

చిమ్మచీకటిలో చెట్ల నడుమ ఎగిరెడి గబ్బిలము కొమ్మకు తగులుకొనదు. గాలిలో తేలుచున్న దోమను సయితము పట్టుకొనగలదు. ఈ వింతను పరీక్షకు పెట్టినవారిలో ఇటలీ దేశీయుడు స్పలాంజాని మొదటివాడు. 1793లో ఆరంభించిన ప్రయోగములలో, చూపు పోయిన గబ్బిలము కూడ అడ్డంకులను తప్పించుకొనుచు ఎగురునని ఆయన కనుగొనెను. చెవులు మూసినచో అది దారి తప్పునని జెనీవా నగరపు వైద్యుడు జూరీన్ చూపెను. చెవికిని దారికిని గల సంబంధమేమో ఆ కాలమువారికి బోధపడలేదు. 1938లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి డోనాల్డ్ గ్రిఫిన్, భౌతికశాస్త్రాచార్యుడు పియర్స్ నిర్మించిన పరికరము ముందు గబ్బిలములను ఉంచినపుడు ఆ రహస్యము బయటపడినది. గబ్బిలములు కూతలు వేయుచునే యున్నవి. అవి మనిషి చెవికి అందని కూతలు.

మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. పిపిస్ట్రెల్ అను చిన్న గబ్బిలముల కూతలు అంతకు రెండు మూడు రెట్లు హెచ్చు. మన దేశములో తిరుగు పిపిస్ట్రెల్ జాతులలో ఒకదానికి శాస్త్రీయ నామములో కోరమండల్ తీరపు పేరే నిలిచినది. ఐరోపాలోని పిపిస్ట్రెల్‌ల కథ మరింత ఆసక్తికరమైనది. అయిదు గ్రాముల బరువుండు ఈ ప్రాణులను చాల కాలము ఒకే జాతిగా ఎంచిరి. కాని 1990లలో కూతలను కొలిచి చూడగా కొన్ని సుమారు 45 కిలోహెర్ట్జుల వద్దను, కొన్ని సుమారు 55 కిలోహెర్ట్జుల వద్దను కూయుచున్నట్లు తేలినది. తరువాతి పరిశోధనలు అవి రెండు వేరు జాతులని స్థిరపరచినవి. చేతిలో పట్టుకొని చూచినను సులభముగ తెలియని భేదము ధ్వనిలో తెలిసినదన్నమాట.

కావున ఈ ధ్వనిని తప్పు లేకుండ పట్టి భద్రపరచుట శాస్త్రజ్ఞునకు ముఖ్యము. అందుకు నేడు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక మైక్రోఫోను, వ్రేలి గోరంతటి మైక్రోకంట్రోలరు చిప్పు, ఒక యు.ఎస్.బి. తీగ, ఒక కంప్యూటరు ఉన్న చాలును. ధ్వని విద్యుత్తుగా మారును. విద్యుత్తు అంకెలుగా మారును. అంకెలు తీగ వెంట కంప్యూటరును చేరును. వినుటకు సులభముగనే యున్నది. కాని ఆ అంకెలు సెకనుకు లక్షల సంఖ్యలో, ఎడతెగకుండ రావలెను, ఒక్కటియు జారిపోరాదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

నమూనాలు తీయుట

మైక్రోఫోను నుండి వచ్చు విద్యుత్ సంకేతము అలవలె నిరంతరముగ హెచ్చుచు తగ్గుచు నుండును. కంప్యూటరుకు అంకెలే తెలియును. కనుక సమానమైన కాలవ్యవధులలో అల ఎత్తును కొలిచి అంకెలుగా వ్రాసికొనవలెను. ఇట్లు తీసిన ఒక్కొక్క కొలతకు నమూనా అని పేరు.

సెకనుకు ఎన్ని నమూనాలు తీయవలెను? ఈ ప్రశ్నకు తంతి వార్తలను గూర్చి 1928లో నైక్విస్ట్ వ్రాసిన వ్యాసములోను, 1933లో రష్యా ఇంజనీరు కొటెల్నికోవ్ రచనలోను, 1949లో షానన్ ప్రకటించిన సిద్ధాంతములోను సమాధానము కలదు. సంకేతములో గల అత్యధిక పౌనఃపున్యమునకు రెండు రెట్లకు మించి నమూనాలు తీసినచో అలను మరల పూర్తిగా నిర్మింపవచ్చును. అంతకు తగ్గినచో అల మారువేషము వేయును.

ఈ మారువేషము ఎంత ప్రమాదకరమో మన గబ్బిలములే చూపగలవు. ఒకడు సెకనుకు 1,00,000 నమూనాలు చాలునని తలచినాడనుకొందము. అందులో సగము 50 కిలోహెర్ట్జులు. 45 కిలోహెర్ట్జుల కూత సరిగనే వచ్చును. 55 కిలోహెర్ట్జుల కూత మాత్రము, 100 నుండి 55 తీసివేయగా మిగులు 45 కిలోహెర్ట్జుల కూతవలె కనబడును. అనగా రెండవ జాతి గబ్బిలము వచ్చి కూసినను పుస్తకములో మొదటి జాతి పేరే పడును! అంకెలలో ఎక్కడను లోపము కనబడదు. ఒకసారి అంకెలుగా మారిన పిదప ఈ పొరపాటును ఏ కంప్యూటరును విప్పజాలదు. అందుకే నమూనాలు హెచ్చుగా తీయవలెను. అవసరము లేని పై పౌనఃపున్యములను కొలతకు ముందే వడపోత సర్క్యూటుతో తొలగింపవలెను.

చిప్పులో ఏమున్నది?

ఉదాహరణకు ఇంగ్లండులోని రాస్‌బెరీ పై సంస్థవారు 2021లో విడుదల చేసిన ఆర్‌పి2040 చిప్పును తీసికొందము. ఇందు రెండు ప్రాసెసర్లు, 264 కిలోబైట్ల మెమొరీ, విద్యుత్ పీడనమును అంకెగా మార్చు సాధనము ఉన్నవి. ఈ సాధనము 12 బిట్లది. కనుక 0 మొదలు 4095 వరకు గల ఏదో ఒక అంకెను ఇచ్చును. సెకనుకు 4 కోట్ల 80 లక్షల గడియార స్పందనములతో నడచుచు, ఒక్కొక్క కొలతకు 96 స్పందనములను వాడుకొనును. భాగించి చూచినచో సెకనుకు 5,00,000 నమూనాలని తేలును. రెండు మైక్రోసెకండ్లకు ఒక నమూనా! 55 కిలోహెర్ట్జుల కూతలో ఒక్కొక్క కంపనమునకు తొమ్మిది నమూనాలు వచ్చును. గబ్బిలమునకు ఇది చాలును.

12 బిట్ల అంకెను మామూలుగా రెండు బైట్లలో పెట్టుదురు. కనుక సెకనుకు 10,00,000 బైట్లు పుట్టుచుండును. చిప్పు మెమొరీ అంతయు దీనికే ఇచ్చినను కాలు సెకనులో నిండిపోవును. కాబట్టి దాచుకొనుటకు వీలులేదు. పుట్టినది పుట్టినట్లు పంపివేయవలసినదే.

ముందుగా తీగ లెక్క

ప్రోగ్రాము వ్రాయుటకు ముందే తీగ ఎంత మోయగలదో లెక్క చూచుకొనవలెను. చాలమంది మొదట సీరియల్ మార్గమును ఉపయోగింతురు. దీని వేగమును బాడ్‌లలో చెప్పుదురు. ఫ్రాన్సు దేశపు తంతి ఇంజనీరు బొదో పేరు నుండి ఈ మాట వచ్చినది. ఇందు ఒక్కొక్క బైటుకు ముందొక గుర్తును, వెనుకొక గుర్తును చేర్చి మొత్తము 10 బిట్లు పంపుదురు. కనుక 9,600 బాడ్‌ల వేగము సెకనుకు 960 బైట్లే. ఒక నమూనాను "2047" అని నాలుగు అక్షరములుగ వ్రాసి, వరుస ముగింపుకు ఇంకొక రెండు గుర్తులు చేర్చినచో ఆరు బైట్లగును. అనగా సెకనుకు 160 నమూనాలు మాత్రమే! వేగమును 1,15,200 బాడ్‌లకు పెంచినను అక్షరములుగ 1,920 నమూనాలు, రెండేసి బైట్లుగ 5,760 నమూనాలు మాత్రమే పోవును. కావలసినది 5,00,000. ఎనభై ఏడు రెట్లు తక్కువైన దారిలో ఏ నేర్పును పనిచేయదు.

ఈ చిప్పులో యు.ఎస్.బి. మార్గము కూడ ఉన్నది. దాని వేగము సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్లు. ఎనిమిదితో భాగించినచో 15 లక్షల బైట్లు వచ్చును గాని, అంతయు సరకుకే దక్కదు. చిరునామాలకు, తప్పొప్పుల పరీక్షకు, రశీదులకు కొంత పోవును. యు.ఎస్.బి.లో కాలమును ఒక్కొక్క మిల్లీసెకండు గల ముక్కలుగ విభజింతురు. ఒక ముక్కలో 64 బైట్ల పొట్లములు 19కి మించి పట్టవు. 19ని 64తో గుణించిన 1,216. అనగా సెకనుకు 12,16,000 బైట్లు. మనకు కావలసినది 10,00,000. పట్టును గాని, ఇరుకుగ పట్టును. ఆ మార్గమున మరియొక పరికరము చేరినచో ఆ కొంచెము ఖాళీయు పోవచ్చును.

ఇరుకును తగ్గించుటకు ఒక ఉపాయము కలదు. రెండు బైట్లలో 16 బిట్లున్నవి. నమూనాకు కావలసినవి 12. నాలుగు బిట్లు వట్టి ప్రయాణము చేయుచున్నవి. రెండు నమూనాల 24 బిట్లను మూడు బైట్లలో సర్దినచో సెకనుకు 7,50,000 బైట్లే పంపవలసియుండును. సర్దుటకు ప్రాసెసరు కొంత శ్రమపడవలెను. ఈ శ్రమకు ఎంత ఫలము దక్కునో ముందు చూతము.

రెండు తట్టల పద్ధతి

ఒక్కొక్క నమూనా రాగానే ప్రాసెసరు చేయుచున్న పని ఆపి, దానిని తీసికొని, మెమొరీలో పెట్టి మరల పనికి పోవలెనన్నచో ఎంత వ్యవధి యున్నది? ప్రాసెసరును 125 మెగాహెర్ట్జులతో నడుపునపుడు రెండు నమూనాల నడుమ 250 స్పందనములే లభించును. పని ఆపుటకును, మరల అందుకొనుటకును అందులో గణనీయమైన భాగము ఖర్చగును. అదే సమయములో యు.ఎస్.బి. పని కూడ మీదపడినచో ఒక నమూనా జారిపోవును.

అందుచేత ఈ మోతపనిని డి.ఎం.ఎ. అను వేరొక సాధనమునకు అప్పగింతురు. అది ప్రాసెసరును కదలింపకనే కొలత సాధనము నుండి అంకెను తీసి మెమొరీలో వరుసగా పేర్చును. ప్రాసెసరు దానికి "ఈ చోట నుండి 2,048 నమూనాలు పెట్టుము, నిండగానే చెప్పుము" అని మాత్రము ఆజ్ఞ ఇచ్చును.

మట్టిపనిలో ఒకడు తట్ట నింపును, ఇంకొకడు మోయును. తట్ట ఒక్కటే యైనచో మోయువాడు తిరిగి వచ్చువరకు త్రవ్వువాడు ఊరక నిలువవలెను. రెండు తట్టలున్నచో ఒకటి పోవుచుండగా ఒకటి నిండుచుండును, పని ఆగదు. ఇక్కడను అంతే. మెమొరీలో రెండు భాగములు ఏర్పరతురు. డి.ఎం.ఎ. ఒకదానిని నింపుచుండగా ప్రాసెసరు రెండవదానిని యు.ఎస్.బి.కి అందించును. మొదటిది నిండగానే రెండును మార్చుకొందురు. ఒక భేదము మాత్రము గలదు. త్రవ్వువాడు తట్ట లేనిచో ఆగును, గబ్బిలము ఆగదు. మోయుట ఆలస్యమైనచో క్రొత్త నమూనాలు పాతవానిపై పడి వానిని చెరిపివేయును.

కంప్యూటరు పరధ్యానము

యు.ఎస్.బి. పద్ధతిలో పరికరము తనంతట తాను మాటలాడరాదు. కంప్యూటరు అడిగినపుడే ఇయ్యవలెను. కంప్యూటరు వేగమైనదే గాని దానికి పనులెన్నో. తెరపై బొమ్మ గీయవలెను, డిస్కుపై వ్రాయవలెను, ఇతర ప్రోగ్రాములకు వంతు లియ్యవలెను. నమూనాలు తీసికొను ప్రోగ్రాము వంతు ఒక్కొక్కప్పుడు 50 మిల్లీసెకండ్లు ఆలస్యముగ రావచ్చును. మనకది కనురెప్పపాటుకన్న తక్కువ. ఆ వ్యవధిలో చిప్పు వద్ద పేరుకొనునది 50,000 బైట్లు.

కనుక రెండు తట్టలు చాలవు. వరుసగా అనేకము కావలెను. చిప్పు మెమొరీలో 200 కిలోబైట్లు ఇందుకు కేటాయించినచో అయిదవ వంతు సెకను ఆలస్యమునకు ఓర్చుకొనవచ్చును. అయితే పేరుకొన్నది మరల ఖాళీ కావలెను గదా! తీగ 12,16,000 బైట్లు మోయగా 10,00,000 క్రొత్తగా పుట్టుచున్నవి. పాతబాకీ తీర్చుటకు మిగులునవి 2,16,000. 50,000 బైట్ల బాకీ తీరుటకు కాలు సెకనుకు దగ్గరగా పట్టును. ఈలోగా ఇంకొక ఆలస్యము వచ్చినచో బాకీపై బాకీ చేరును. ఇప్పుడు రెండు నమూనాలను మూడు బైట్లలో సర్దు ఉపాయమును మరల చూడుడు. అదే ఆలస్యములో పేరుకొనునది 37,500 బైట్లు. మిగులు శక్తి 4,66,000 బైట్లు. బాకీ 80 మిల్లీసెకండ్లలో తీరిపోవును. పుట్టునది నాలుగవ వంతు తగ్గగా, కోలుకొను కాలము దాదాపు మూడవ వంతుకు దిగినది. చిప్పులో రెండవ ప్రాసెసరు ఊరకనే యున్నది గనుక ఈ సర్దుడు పని దానికి ఒప్పగించుట మేలు.

కంప్యూటరు వైపున కూడ ఒక జాగ్రత్త అవసరము. నమూనాలు తీసికొను భాగము తీసికొని దాచుట తప్ప వేరు పని చేయరాదు. పటము గీయుట, పౌనఃపున్యమును విశ్లేషించుట ఇంకొక భాగమునకు అప్పగింపవలెను. గీయుట ఆలస్యమైనచో చూచువానికి కొంచెము వెనుకగ కనబడును, అంతియే. తీసికొనుట ఆలస్యమైనచో నమూనా శాశ్వతముగ పోవును.

యు.ఎస్.బి.లో గల రవాణా రకములలో రెండింటిని కూడ ఇక్కడ గుర్తింపవలెను. మొదటి రకము టోకు రవాణా. ఇందు పొట్లము చెడినచో మరల పంపుదురు. కాని నిర్ణీతమైన జాగా దక్కునను హామీ లేదు. రెండవది సమకాల రవాణా. ఇందు ప్రతి మిల్లీసెకండులోను కొంత జాగా, ఈ వేగమున 1,023 బైట్ల వరకు, ముందే కేటాయింతురు. కాని చెడినది చెడినదే, మరల పంపరు. పాట వినువానికి రెండవది నయము. చిన్న లోపము చెవికి తెలియదు, ఆలస్యము తెలియును. శాస్త్ర పరిశీలనకు మొదటిదే తగినది. ఆలస్యమైనను అంకె నిజమైనది కావలెను.

పోయినది తెలియవలెను

ఎన్ని జాగ్రత్తలు పడినను ఎన్నడో ఒకప్పుడు ఒక భాగము పోవును. పోవుట కష్టమే గాని, పోయినట్లు తెలియకుండుట అంతకన్న నష్టము. 2,048 నమూనాల భాగము ఒకటి పోయినదనుకొందము. అది నాలుగు మిల్లీసెకండ్ల కాలము. పిపిస్ట్రెల్ కూత ఒకటి సుమారు అంతసేపే యుండును! ఒక కూతయే మాయమై, ముందు వెనుకల నిశ్శబ్దములు అతుకుకొని, ఏమియు జరుగనట్లు కనబడును. కూత నడుమ తెగినచో అతుకు వద్ద అల ఒక్కసారి ఎగిరి, లేని పౌనఃపున్యములు పుట్టును. అంతేకాదు, నమూనాలను లెక్కించియే కాలమును తెలిసికొందుము గనుక, ఆపైన వచ్చు ప్రతి కూత కాలమును తప్పగును.

దీనికి మందు సులభమైనది. ప్రతి భాగము మొదట వరుస సంఖ్య వేయవలెను. 731 తరువాత 733 వచ్చినచో 732 పోయినదని కంప్యూటరు వెంటనే గ్రహించును. ఆ చోట ఖాళీ యని వ్రాసికొని కాలమును సరిదిద్దుకొనును. చిప్పు మెమొరీ నిండి నమూనాలు పోయినచో ఆ సంగతిని తెలుపు గుర్తును కూడ చేర్చవలెను. బిల్లు పుస్తకములో కాగితములకు ముందే నంబర్లు వేయుట ఎందుకో ఇదియు అందుకే.

సీరియల్ తీగపై పంపునపుడు ఇంకొక చిక్కు గలదు. ఒక్క బైటు జారినచో రెండేసి బైట్ల జతలు విడిపోయి, ఒక నమూనా తలయు మరియొక నమూనా తోకయు కలిసి, అక్కడ నుండి అన్నియు తప్పుగనే వచ్చును. భాగమునకు ఆరంభ మెక్కడో తెలుపు హద్దురాయి కావలెను. ఏ బైటునైన హద్దుగా వాడినచో అది నమూనాలలో కూడ రావచ్చును గదా! 1997లో చెషైర్, బేకర్ అనువారు ప్రకటించిన పద్ధతి దీనిని చక్కగా తీర్చినది. సరకులోని సున్నా బైట్లన్నిటిని వేరు గుర్తులుగ మార్చి, సున్నాను హద్దుకు మాత్రమే మిగుల్చుదురు. ఇందుకు అయ్యెడి అదనపు ఖర్చు 254 బైట్లకు ఒక బైటుకు మించదు.

పరీక్షించు విధము

ఏర్పాటు సరిగ నున్నదో లేదో గబ్బిలపు కూతలతో తేలదు. ఏ కూత వచ్చునో ముందు తెలియదు గనుక. తెలిసిన అంకెలను పంపి చూడవలెను. మైక్రోఫోనుకు బదులు చిప్పు 0, 1, 2, 3 అని 4095 వరకు లెక్కించి, మరల 0 నుండి ఆరంభించును. కంప్యూటరు ప్రతి అంకెయు ముందరిదానికన్న ఒకటి హెచ్చుగ నున్నదా యని చూచును.

ఈ పరీక్షలో ఒక మోసము దాగియున్నది. అంకెలు 4,096 కొకసారి తిరిగి వచ్చును. సరిగ 4,096 నమూనాలు పోయినచో వరుస చెడదు. మన భాగము 2,048 నమూనాలది. ఒకటి పోయినచో పరీక్ష పట్టుకొనును, రెండు కలిసి పోయినచో ఏమియు తెలియదు! కావున ఇక్కడ కూడ భాగముల వరుస సంఖ్యను సరిచూడవలెను. ఆ సంఖ్యకు రెండు బైట్లు చాలవు. సెకనుకు 244 భాగముల చొప్పున 65,536 భాగములు నాలుగున్నర నిముషములలో గడచిపోవును. నాలుగు బైట్లు ఇచ్చినచో నెలల తరబడి తిరిగి రాదు.

పరీక్ష అయిదు నిముషములు చేసి ఊరకుండరాదు. పరిశీలన రాత్రియంతయు సాగును. ఎనిమిది గంటలలో 1,440 కోట్ల నమూనాలు వచ్చును. సర్ది వ్రాసినను 21.6 గిగాబైట్లు. కంప్యూటరు తనంతట తాను పూనుకొను పనులు నడిరేయి రావచ్చును; డిస్కు నిండవచ్చును; తీగ వదులు కావచ్చును. అంతసేపును పరీక్ష నడిపి, వరుస చెడకున్నచో అప్పుడు మైక్రోఫోనును తగిలింపవచ్చును.

గడియారము విషయము కూడ మరువరాదు. చిప్పును నడుపు స్ఫటికము పదిలక్షలకు 30 వంతులు తప్పినచో ఎనిమిది గంటలలో 0.86 సెకను తేడా వచ్చును. ఒక గబ్బిలము కూతకు ఇది లెక్క లేదు. రెండుచోట్ల పెట్టిన రెండు పరికరములతో గబ్బిలమున్న చోటు కనిపెట్టవలెనన్నచో ఇదియే పెద్ద తప్పు. సెకనులో వెయ్యవ వంతు కాలములో ధ్వని అడుగుకు పైగా ప్రయాణించును.

వేరు మార్గములు

ఇంకను వేగము కావలసినవారికి 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 పద్ధతి సెకనుకు 48 కోట్ల బిట్ల వేగమును ఇచ్చినది. ఆ వేగమును అందుకొను మైక్రోకంట్రోలర్లును ఉన్నవి. అడవిలో కంప్యూటరు పెట్టుటకు వీలులేనిచో నమూనాలను అక్కడనే మెమొరీ కార్డుపై వ్రాయవచ్చును. సౌతాంప్టన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు రూపొందించిన ఆడియోమాత్ అను చిన్న పరికరము సెకనుకు 3,84,000 నమూనాల వరకు ఇట్లే వ్రాయగలదు. కాని కార్డును తన పనిలో పడి ఒక్కొక్కప్పుడు ఆలస్యము చేయునదే. నింపు తట్టలు, ఆలస్యమునకు ఓర్చు జాగా, వరుస సంఖ్య అక్కడను తప్పవు.

గబ్బిలము ఒక ఉదాహరణము మాత్రమే. యంత్రపు బేరింగులోని అదురు, యంత్రశాలలోని విద్యుత్ ప్రవాహము, భూమిలోని కంపనము, వేనిని కొలిచినను మార్గ మిదియే. కొలత ఎంత వేగముగ పుట్టుచున్నదో, తీగ ఎంత మోయగలదో, నడుమ ఎంతసేపు ఆగగలదో ముందు లెక్క వేసికొనవలెను. పోయినదానిని పోయినదని చెప్పు ఏర్పాటు చేయవలెను. ఎనిమిది గంటల పట్టికలో మూడు చోట్ల ఖాళీ యని వ్రాసియుండుట లోపము కాదు. ఆ మూడు చోట్ల తప్ప మిగిలినదంతయు నమ్మవచ్చునని దాని అర్థము.